ప్యాంటు వేసుకున్న మనిషి

నీలం మాస్టారు ఏ ప్యాంటునైనా ముందు తిరగేస్తాడు. లోపలివైపు బయటికి లాగి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, నడుం పట్టీ మీద బెల్టు దూర్చే లూపుని గోటితో పైకెత్తి దాని కింద రంగు చూస్తాడు. ఆ తర్వాతే నోరు విప్పుతాడు. అసలైన డెనిమ్‌లో నీలం పైపైనే ఉంటుంది, దారం కడుపులో తెలుపు. మనిషి ఎక్కడ రాసుకుంటే అక్కడ నీలం అరిగి తెలుపు బయటపడుతుంది. మనిషి తగలని చోట, లూపు కింద, కుట్టు మడతలో, కొన్ననాటి నీలం అలాగే దాక్కుని ఉంటుంది. ఫ్యాషన్ జీన్స్ సంగతి వేరు. దాన్ని పుట్టకముందే ముసలిదాన్ని చేస్తారు. గరుకు కాగితంతో గీకి, మందులో ముంచి, రాళ్ళతో కలిపి తిప్పి, ఎవరూ వేసుకోని బట్టకి లేని వయసు తెచ్చిపెడతారు. ఆ మందు లూపు కిందకి కూడా పాకుతుంది. దొంగ అక్కడ దొరికిపోతాడు.

ఇంత తెలిసిన మనిషి ఆ రోజు ప్యాంటు తిరగెయ్యలేదు. ఎందుకంటే ఆ రోజు దుకాణం నిండా జనం ఉన్నారు.

దుకాణం ఆయన బావమరిదిది. పాత జీన్స్ కొని, బాగుచేసి అమ్ముతారు. మాస్టారి కుట్టుమిషను లోపలి గదిలో ఉంటుంది గానీ, ఏటా ఈ రోజుల్లో మాత్రం ఆయన్ని ముందుకి పిలుస్తారు. వీధివైపు అద్దాల కిటికీలో ఏడాదంతా ఒకే ఒక్క ప్యాంటు వేలాడుతుంది. అది అమ్మకానికి కాదు. ఎవరో ఒక మనిషి వేసుకుని, పని చేసి, అరగదీసిన ప్యాంటు అది. పక్కనే ఆ మనిషి పేరు, పని రాసిన చీటీ ఉంటుంది. కొత్తదానికి వేళయినప్పుడు మనుషులు తమ ప్యాంట్లు పట్టుకొస్తారు. మాస్టారు వాటిని చదువుతాడు. ఇది రంగులేసే అతనిది, నిచ్చెన మెట్టుకి మోకాలు ఆనించి నిలబడతాడు అంటాడు. ఇది తాళాలు చేసే అతనిది, బరువంతా కుడి జేబులోనే అంటాడు. జనం చప్పట్లు కొడతారు. ఇంట్లో భార్య వండిన పప్పు బాగుందని కూడా ఎప్పుడూ అనని ఈ మనిషి ఆ చప్పట్ల కోసం మాత్రం ఏడాదంతా ఎదురుచూస్తాడు.

ఆ పూట వచ్చినావిడ చిన్నపిల్లల బడిలో ఆయా. బడికి వెళుతూ దారిలో వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు ఉంది. బట్టసంచిలోంచి ప్యాంటు తీసి రెండు చేతులతో బల్ల మీద పెట్టింది. ఇస్త్రీ చేసి నాలుగు మడతలు పెట్టిన ప్యాంటు.

"మా తమ్ముడిదండీ. కిటికీలో పెడతారేమోనని పంపించాడు."

మాస్టారు దాన్ని నడుం దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తాడు. మడతలు విడిపోయి ప్యాంటు కిందికి జారింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు కాళ్ళ వేళ్ళ మీద లేచి చూశారు.

"అమ్మా, మీ తమ్ముడు నడుస్తాడా, ఎగురుతాడా?" అన్నాడు మాస్టారు.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నోరు తెరిచింది. ఆయన ఆగలేదు, నవ్వు వినబడ్డాక ఆగడం ఆయన వల్ల కాదు.

"కాదమ్మా, మడమ దగ్గర అంచు చూడండి. ఒక్క పోగు లేవలేదు. నేల తగిలిన ప్యాంటు ఇలా ఉంటుందా? పైన తొడలు మాత్రం తెల్లగా అరిగిపోయాయి. అడ్డంగా ఈ గీత చూశారా, రెండు కాళ్ళకీ ఒకే ఎత్తులో, స్కేలు పెట్టి గీసినట్టు? మనిషి అరగదీస్తే ఒక కాలు ఎక్కువ, ఒక కాలు తక్కువ అవుతుంది. ఇది మిషను గీత. ఈ చిన్న చిన్న చిల్లులు, ఈ పసుపు చుక్కలు, ఇవన్నీ మోజు కోసం చిలకరించినవి. మోకాళ్ళ కింద గీకడం మర్చిపోయారు పాపం, మధ్యాహ్నం భోజనానికి లేచి ఉంటారు."

ఈసారి అందరూ నవ్వారు. బావమరిది గల్లాపెట్టె మీద చెయ్యి కొట్టి మరీ నవ్వాడు.

"అది కాదండీ, వాడు..." అంది ఆవిడ.

"మీ తప్పేం లేదమ్మా. మీ తమ్ముణ్ణి ఎవరో మోసం చేసి ఉంటారు. లేదంటే ఆయనే మిమ్మల్ని. ఇది పక్కా ఫ్యాషన్ ప్యాంటు. వదిలేసి వెళ్ళండి, అతుకులకైనా పనికొస్తుంది."

ఆవిడ ఖాళీ సంచిని జాగ్రత్తగా మడిచింది. మడిచినదాన్ని మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా జనం మధ్యలోంచి దారి చేసుకుని వెళ్ళిపోయింది. ప్యాంటు బల్ల మీదే ఉండిపోయింది.

*

సాయంత్రం దుకాణం పలచబడ్డాక, మోకాలు చిరిగిన ప్యాంటు ఒకటి మరమ్మతుకి వచ్చింది. దానికి అతుకు కావాలి. మాస్టారు ఆయా వదిలేసిన ప్యాంటుని మిషను దగ్గరికి తెచ్చుకున్నాడు. నోటితో నకిలీ అన్నాడు గానీ బట్ట బరువు ఆయన చేతికి మొదటినుంచీ నచ్చుతూనే ఉంది. అప్పుడైనా తిరగెయ్యలేదు. ఎడమ కాలి మోకాలి కింద, అరగని నీలం ఉన్న చోట, పెద్ద కత్తెరతో అడ్డంగా ఒక్క కోత కోశాడు.

తెగిన ముక్క పక్క కుట్టు విప్పుదామని బ్లేడు పెట్టి లాగాడు. మడత విచ్చుకుంది. లోపల ముదురు నీలం, సిరా సీసాలోకి తొంగి చూసినట్టు.

మాస్టారు బ్లేడు కింద పెట్టాడు. తర్వాత నడుం పట్టీ దగ్గరికి తీసుకుని లూపు ఎత్తి చూశాడు. దాని కిందా అదే నీలం. అప్పుడు, పొద్దున్నే చెయ్యాల్సిన పని చేశాడు. ప్యాంటుని తిరగేశాడు.

మోకాలి వెనక మడతలు కత్తితో చెక్కినట్టు ఉన్నాయి. ఎప్పుడూ చాపని కాలికి తప్ప అలాంటి మడతలు పడవు. కూర్చునే చోట బట్ట రెండు గుండ్రాలుగా పల్చబడి, అవతలి వెలుతురు కనిపిస్తోంది. తుంటికి రెండు వైపులా, బయటి పక్కన, బూడిదరంగు నున్నదనం. చక్రాల కుర్చీ పక్కరేకులు రాసుకుంటే అయ్యేది అదే. తొడల మీది అడ్డగీత దగ్గర వేలు పెట్టాడు. గీత పొడుగునా పోగులు ఒకవైపుకే వాలి ఉన్నాయి. ఏదో చెక్క, ఒడిలో పెట్టుకున్న పలక, దాని అంచు రోజూ అక్కడే ఒరుసుకుంది. ఆ పలక మీద ఆ మనిషి సీసం కరిగించి టంకం పెట్టే పని చేస్తాడు. చిల్లుల చుట్టూ కాలిన నలుపు ఉంది. పసుపు చుక్కలు గోటికి గట్టిగా తగిలాయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే మోటార్లకి పూసే వార్నిషు వాసన.

ఆ ప్యాంటులో అబద్ధం ఒక్క పోగు కూడా లేదు. ఇన్నేళ్ళలో ఇంత నిజమైన ప్యాంటు ఆయన చేతికి రాలేదు. ఇందులోని మనిషి నడవడు. నడుస్తాడా ఎగురుతాడా అని ఆ మనిషి అక్కని నలుగురిలో నిలబెట్టి అడిగింది ఎవరో కాదు, తనే.

మాస్టారి చెవులు వేడెక్కాయి. ఎవరైనా చూస్తున్నారేమోనని తలుపు వైపు చూశాడు. తెగిన ముక్కనీ, మిగతా ప్యాంటునీ కలిపి చుట్టి సొరుగులో తోసి, తేలు కుట్టిన దొంగలా మళ్ళీ మిషను మీదికి వంగాడు. అతుకుకి వేరే బట్ట వెతుక్కున్నాడు.

బయట బావమరిది ఎవరో కొత్త మనిషికి పొద్దుటి కథ చెబుతున్నాడు. "మా బావ ఏమన్నాడో తెలుసా? మీ తమ్ముడు నడుస్తాడా, ఎగురుతాడా అన్నాడు. ఏం బావా, అంతేనా?"

"అంతే" అన్నాడు మాస్టారు లోపలినుంచి. నవ్వాడు కూడా. ఆ నవ్వు తన గొంతులోంచే వచ్చిందంటే ఆయనకే నమ్మబుద్ధి కాలేదు.

*

మర్నాడు పొద్దున బావమరిది ఇంకా రాకముందే ఆయా వచ్చింది. గడప దాటలేదు. తలుపు చెక్కకి ఆనుకుని నిలబడింది.

"నిన్న ఒక ప్యాంటు వదిలేసి వెళ్ళానండీ. ఉందా?"

"ఉందమ్మా" అన్నాడు మాస్టారు. ఉన్నమాటే. రెండు ముక్కలుగా ఉందన్నది చెప్పలేదు.

"కిటికీలో పెట్టమని అడగడానికి రాలేదండీ. మా తమ్ముడితో తీసుకున్నారని చెప్పేశాను. వాడు ఇల్లు కదలడు. కుర్చీలో కూర్చునే ఫ్యాన్లు, మోటార్లు రిపేరు చేస్తాడు. ఫోన్ చేసి అడుగుతాడేమో. ఉంది, పెడతాం అని ఒక్క మాట అంటే చాలు. తర్వాత ఎప్పుడో నేనే వచ్చి పట్టుకుపోతాను." గొంతు తగ్గించింది. "కొత్తదే కొనుక్కున్నాడు అనుకున్నానండీ. నా కళ్ళ ముందే అరిగిందనుకున్నాను. మరి మీరు అలా అన్నాక, నాకేం తెలుస్తుంది. వాడిని అడగలేదు."

మాస్టారికి తల తీసేసినట్టయింది. నవ్వులపాలు చేసింది చాలక, తమ్ముడి మీద అక్కకున్న నమ్మకాన్ని కూడా తన నోటితోనే కోసేశాడు.

"అసలుదేనమ్మా" అన్నాడు. "మళ్ళీ చూశాను. నాదే పొరపాటు. మీ కళ్ళు చూసింది నిజమే."

"నిజంగానా అండీ?"

"నిజంగా. రెండ్రోజుల్లో కిటికీలో పెడతాను."

ఆవిడ రెండు చేతులూ జోడించింది. మాస్టారు ఆ చేతుల వైపు చూడలేక దారపు ఉండలు సర్దడం మొదలుపెట్టాడు. నిన్న అందరి ముందూ అన్న మాటని ఇవాళ ఎవరూ లేనప్పుడు వెనక్కి తీసుకున్నాడు. కోసిన సంగతి ఇప్పుడైనా చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. మింగేశాడు. ఆవిడ ముఖం అప్పుడే కాస్త తేటపడిందని, ఇప్పుడు చెబితే మళ్ళీ పాడవుతుందని తనకి తాను చెప్పుకున్నాడు. పిరికితనానికి మంచితనం ముసుగు వెయ్యడం ఎంత తేలికో ఆయనకి ఆ క్షణంలో బాగా తెలిసింది. తెలిసినా దారపు ఉండలే సర్దుతూ ఉండిపోయాడు.

*

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గానీ, పట్టుకోవడమంటూ మొదలుపెడితే మాస్టారంత బాగా పట్టుకునేవాడు లేడు. ఒంట్లో బాగాలేదని చెప్పి ప్యాంటు ఇంటికి తెచ్చుకున్నాడు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, మడమ దగ్గరి లోపలి మడతలోంచి అదే వయసు నీలం పోగులు ఒక్కొక్కటే లాగి, తెగిన అంచులు రెండూ కలిపి, దారానికి దారం సూదితో నేస్తూ కూర్చున్నాడు. నిలువు పోగు నీలం, అడ్డపోగు తెలుపు. నీలం పోగు రెండు అడ్డపోగుల మీదుగా, ఒకదాని కిందుగా, ప్రతి వరసకీ ఒక్క పోగు పక్కకి జరుగుతూ. అలా జరిగితేనే డెనిమ్ మీద ఏటవాలు చార పడుతుంది. ఒక్కచోట లెక్క తప్పినా ఆ చార విరిగి పట్టిస్తుంది. మధ్యలో మెడ పట్టేసింది, కళ్ళల్లో నీళ్ళు కారాయి. తుడుచుకుని మళ్ళీ వంగాడు.

రెండో రోజు మధ్యాహ్నం భార్య వచ్చి పక్కన నిలబడింది.

"కాఫీ చల్లారిపోయింది, చూశారా? ఎవరిదండీ అది, అంత శ్రద్ధగా కుడుతున్నారు? నా జాకెట్టుకి హుక్కు కుట్టమంటే నెల పట్టింది."

మాస్టారు జరిగినదంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ సూది మీదినుంచి చూపు ఎత్తలేదు. ఆవిడ విని, ప్యాంటు చేతిలోకి తీసుకుని, మోకాలి కింద తడిమింది. పైకి, కిందికి, వెలుతురులో పెట్టి, మళ్ళీ తడిమింది.

"ఎక్కడ కోశారు?"

"చెప్పుకో చూద్దాం."

"నాకు కనబడ్డంలేదు."

మాస్టారి ముఖం వికసించింది. మరుక్షణమే, ఇందులో కూడా మెప్పు ఏరుకుంటున్నానని తట్టి మాడిపోయింది.

"మీరు గనక దొంగతనానికి దిగితే ఊళ్ళో ఒక్క తాళం నిలవదండీ" అంది భార్య. వెక్కిరింతగానే అంది, కానీ నవ్వలేదు. చల్లారిన కాఫీ తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

*

ప్యాంటు కిటికీలోకి ఎక్కింది. మాస్టారి చేతివ్రాతతో చీటీ ఎక్కింది. "అదేంటి బావా, మొన్న అంత నవ్వాం కదా" అన్నాడు బావమరిది. మళ్ళీ చూశాను, అసలుదే అన్నాడు మాస్టారు. "నీ మాటే నా మాట" అని అతను భుజం తట్టి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కముందే ఆ మనిషి వచ్చాడు. దుకాణం మెట్టు దగ్గర చక్రాల కుర్చీ ఆగితే, దారినపోయే ఇద్దరు చెరో పక్కా పట్టి పైకెత్తారు. వెనక అక్క. ఆవిడ ముఖంలో సంతోషమూ భయమూ కలిసి ఉన్నాయి. తమ్ముడు ముప్పై దాటినవాడు, బలమైన భుజాలు, వేళ్ళ నిండా చిన్న చిన్న కాలిన మచ్చలు. ఇల్లు కదలనివాడు శుభ్రంగా గడ్డం గీసుకుని, పాలిష్ చేసిన బూట్లు వేసుకుని వచ్చాడు. కిటికీ వైపు కుర్చీ తిప్పుకుని చాలాసేపు చూశాడు.

"అక్కా, ఎంత పొడుగ్గా ఉందో చూడు" అన్నాడు. "నిలబడితే అంత ఉంటానన్నమాట."

అక్క అతని భుజం మీద చెయ్యి వేసింది.

దుకాణంలో ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్ళలో మొన్న నవ్వినవాళ్ళు కూడా ఉన్నారో లేదో మాస్టారికి తెలియదు. నవ్వేటప్పుడు ముఖాలు చూసుకోలేదాయన.

"మాస్టారూ, మీరు ప్యాంటు చదువుతారని విన్నాను" అన్నాడు తమ్ముడు. "అది వినాలనే వచ్చానండీ. నాది చదవండి ఒకసారి."

బావమరిది ఉత్సాహంగా ప్యాంటు దించి తెచ్చాడు. మాస్టారు దాన్ని బల్ల మీద పరిచాడు. తర్వాత ఆగి, తీసుకెళ్ళి తమ్ముడి ఒడిలోనే పరిచి, కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఈ గీత మీరు ఒళ్ళో పెట్టుకునే పలకది" అన్నాడు. గొంతు చిన్నగా వచ్చింది. "పలక ఎప్పుడూ ఒకే చోట పెడతారు. పద్ధతైన మనిషి."

"అవునండీ. చెదిరితే మరలు దొర్లిపోతాయి."

"టంకం కుడిచేత్తో పెడతారు. బొట్లు ఎడమ తొడ మీదే ఎక్కువ పడ్డాయి, పని అటుపక్క పెట్టుకుంటారు కాబట్టి. కాలినా మీకు వెంటనే తెలియదు. ఇక్కడ ఒకటి పెద్దది, తెలియకనే అంత కాలింది. తర్వాత ఎవరో లోపలినుంచి చిన్న గుడ్డ వేసి కుట్టారు."

"అక్క" అన్నాడు తమ్ముడు. అతని కళ్ళు మెరుస్తున్నాయి. జనం దగ్గరికి జరిగి వింటున్నారు. ఇంత బాగా మాస్టారు ఏ ప్యాంటునీ చదవలేదు. ఆయన వేలు తొడ మీదినుంచి మోకాలి మీదికి, మోకాలి కిందికి జారింది. అక్కడ ఆగింది.

ఆగకుండా దాటెయ్యవచ్చు. భార్య వేళ్ళకి దొరకనిది ఇంకెవరికీ దొరకదు. దాటేస్తే చప్పట్లు మోగుతాయి, అక్కాతమ్ముళ్ళు సంతోషంగా ఇంటికి వెళతారు. ఎవరికీ నష్టం లేదు. మాస్టారి వేలు మాత్రం కదల్లేదు.

"ఇక్కడ ఉన్నది మీది కాదండీ" అన్నాడు. "ఇది నేను చేసింది. ఇక్కడ నేను కోశాను. కోసి, కనబడకుండా నేశాను."

"ఎందుకు కోశారు?"

"అతుక్కి. మీ అక్కయ్య తెచ్చిన రోజునే. ఫ్యాషన్ ప్యాంటని చెప్పి, తిప్పి పంపేశాను."

తమ్ముడు మెల్లగా తల తిప్పి అక్కని చూశాడు. ఆవిడ కుర్చీ పిడి పట్టుకుంది. "ఇంటికెళదాం పదరా" అంది.

"ఏమన్నారక్కా?"

"ఏమీ అనలేదురా. వద్దన్నారంతే."

బావమరిది వెనకనుంచి కళ్ళతో సైగ చేస్తున్నాడు, చాలు, ఇక ఆపు అని. ఆవిడ కూడా మాస్టారి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. చెప్పొద్దండీ అని బతిమాలుతోంది. తాను ఎవర్నయితే నలుగురిలో నవ్వులపాలు చేశాడో ఆవిడే ఇప్పుడు నలుగురిలో తనకి అడ్డు నిలబడింది. ఆ అడ్డు చాటున దాక్కోవడం ఆయన వల్ల కాలేదు.

"అన్నానండీ" అన్నాడు. "మీ తమ్ముడు నడుస్తాడా, ఎగురుతాడా అన్నాను. అందరూ విన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ చెప్పబోతుంటే చెప్పనివ్వలేదు."

ఒకాయన చేతిలోని ప్యాంటుని చప్పుడు కాకుండా అరలో పెట్టేశాడు. తమ్ముడు మాస్టారి వైపు చూడనేలేదు.

"అది విని, ఆ సాయంత్రం తీసుకున్నారని చెప్పి మిఠాయి కొనుక్కొచ్చావా అక్కా?" అన్నాడు.

"నీకు ఇష్టం కదరా" అంది ఆవిడ.

అతను ఒడిలో ఉన్న ప్యాంటుని తిరగేసి, మోకాలి కింద బొటనవేలితో రెండుసార్లు నొక్కి చూశాడు.

"కుట్టు గట్టిదేనా?"

"గట్టిదేనండీ" అన్నాడు మాస్టారు.

"అయితే పనికొస్తుంది. రేపట్నుంచి వేసుకుంటాను." ప్యాంటుని నాలుగు మడతలు పెట్టి ఒడిలోనే ఉంచుకున్నాడు. కిటికీలో పెట్టమని గానీ వద్దని గానీ అనలేదు. చక్రాలు తనే తిప్పుకుంటూ గుమ్మం వైపు కదిలాడు.

మాస్టారు గబగబా లేచి వెళ్ళి, మెట్టు దిగడానికి కుర్చీ ముందువైపు పట్టుకోబోయాడు.

"వద్దండీ" అన్నాడు తమ్ముడు మర్యాదగానే. "అక్కకి అలవాటే."

మాస్టారు చేతులు వెనక్కి తీసుకుని దారి ఇచ్చాడు. ఆవిడ కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలని మెట్టు అంచు మీదుగా మెల్లగా కిందికి దించింది. తమ్ముడు ఒక చేత్తో ప్యాంటు జారిపోకుండా పట్టుకున్నాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ వీధి చివరికి వెళుతుంటే, మాస్టారు జనం వైపు తిరగలేక ఆ గుమ్మంలోనే నిలబడిపోయాడు.